హస్కీల బండి ఎక్కబోయే పిల్లలకు

పిల్లలూ, ఈ చలికాలం సెలవులకు అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వస్తున్నారా? రాత్రి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు చూడ్డానికి వచ్చిన పిల్లలందరూ మంచు మీద హస్కీ కుక్కలు లాగే బండి కూడా ఎక్కుతామని పేచీ పెడతారు. తప్పకుండా ఎక్కండి. బయల్దేరే ముందు మాత్రం ఇది చదవండి. ఇంకా చదవడం రాని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మీరే చదివి వినిపించండి.

ముందు చలి సంగతి. మన వంటింట్లో ఐస్‌క్రీం పెట్టే ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇక్కడ జనవరిలో మైనస్ 40కి పడిపోయే రోజులు కూడా ఉంటాయి. పైగా బండి కదిలితే ఎదురుగాలి. పరిగెత్తేది కుక్కలు, మీరేమో కదలకుండా కూర్చుంటారు, కాబట్టి ఒంట్లో వేడి పుట్టదు. బండి వెనక నిలబడి నడిపే మనిషిని మషర్ అంటారు. ఆయనకన్నా దుప్పటి కప్పుకుని ముందు కూర్చున్న మీకే తొందరగా చలేస్తుంది.

అందుకని లోపల కాటన్ బనియన్ వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. ఉన్నిది గానీ థర్మల్ గానీ వేసుకుని, దాని మీద స్వెటర్, ఆపైన గాలి దూరని కోటు. చేతులకు వేళ్ల గ్లౌజులకన్నా నాలుగు వేళ్లూ ఒకేచోట ఉండే మిటెన్లు మంచివి, వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చగా ఉంచుకుంటాయి. రెండు జతల సాక్సులు బూటులో కుక్కితే రక్తం సరిగ్గా పారక ఇంకా చలేస్తుంది. బూటులో వేళ్లు ఆడాలి. కమ్మలు, గాజులు, కాళ్ల పట్టీలు తీసి అమ్మకివ్వండి, లోహం చల్లబడి చర్మాన్ని పట్టేస్తుంది. తలస్నానం చేసి తడి జుట్టుతో అస్సలు రావద్దు.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం. మా అక్క కూతురు తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి బండెక్కింది. దారిలో "పిన్నీ, కాలి వేళ్లు నొప్పెడుతున్నాయి" అని రెండుసార్లు అంది. తర్వాత ఊరుకుంది. తగ్గిపోయిందేమో అనుకున్నాను. లోపలికొచ్చి బూటు విప్పితే బొటనవేలి కొన తెల్లగా, మైనంలా ఉంది. ముట్టుకుంటే తనకి తెలియడం లేదు. గోరువెచ్చని నీళ్లలో పెట్టాక మెల్లగా రంగు తిరిగింది గానీ, ఆ అరగంట నేను ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

చలిలో వేలు నొప్పెడుతోందంటే ఇంకా ప్రాణం ఉందని అర్థం. నొప్పి ఆగి మొద్దుబారిందంటే అప్పుడే ప్రమాదం. వెంటనే గట్టిగా చెప్పండి. నా వల్ల అందరూ ఆగాలేమో అని మొహమాటపడొద్దు, మషర్ తప్పకుండా ఆపుతారు. చేతి వేళ్లయితే చంకలో పెట్టుకోండి. మంచుతో రుద్దకూడదు. మంటకో హీటర్‌కో ఆనించకూడదు, మొద్దుబారిన చర్మానికి కాలుతున్నా తెలియదు. ఎంతసేపటికీ రంగు రాకపోయినా, బొబ్బలు లేచినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మీ ముక్కు, బుగ్గ మీకు కనిపించవు కాబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండండి. తెల్లమచ్చ కనిపిస్తే చెప్పాలి.

ఇక కుక్కలు. బండికి కట్టేటప్పుడు అవి చేసే గోల వింటే గుండె ఝల్లుమంటుంది. గాల్లోకి ఎగురుతాయి, మొరుగుతాయి, తాడు కొరుకుతాయి. అది కోపం కాదు, పరుగు కోసం ఆత్రం. బండి కదలగానే అన్నీ ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి, చూడండి! కానీ కదిలేదాకా ఆ బలాన్నంతా ఆపేది ఒక తాడు, మంచులో గుచ్చిన ఇనుప కొక్కెం. ఆ రెంటినీ ముట్టుకోవద్దు. కుక్కలను కలిపి కట్టిన తాడు దాటొద్దు, వాటి ముందు నిలబడొద్దు. ముద్దు చేయాలనిపిస్తే మషర్‌ని అడిగి, పక్కనుంచి వెళ్లి, ముందు చెయ్యి వాసన చూడనివ్వండి. తింటున్న కుక్క జోలికి వెళ్లొద్దు. జేబులో కిస్‌మిస్, చాక్లెట్ ఉంటే అవి మీకే, కుక్కలకు రెండూ విషం. అయ్యో చలి అని వాటి మీద జాలిపడక్కర్లేదు. రెండు పొరల బొచ్చు ఉంది, మైనస్ 20లో హాయిగా పరిగెడతాయి, వెచ్చని రోజున పరిగెత్తడమే వాటికి కష్టం.

"జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకు. నేర్చుకోండి, కానీ బండిలో కూర్చుని అరవొద్దు. ముందుండే లీడర్ కుక్క ఒక్క గొంతునే వినాలి. 1925లో అలాస్కాలోనే నోమ్ అనే ఊళ్లో పిల్లలకు డిఫ్తీరియా అనే గొంతు జబ్బు సోకితే, 20 మంది మషర్లు ఒకరి తర్వాత ఒకరు దాదాపు 1,085 కిలోమీటర్లు మందు మోసుకెళ్లారు, అయిదున్నర రోజుల్లో! చివరి మజిలీలో నడిపిన లీడర్ కుక్క బాల్టోకి పేరొచ్చింది. అన్నిటికన్నా దూరం, గడ్డకట్టిన సముద్రం మీదుగా నడిపింది మాత్రం టోగో అనే ఇంకో లీడర్ కుక్క. అప్పటికి దానికి 12 ఏళ్లు. నాకు టోగో అంటేనే ఎక్కువ ఇష్టం.

దారిలో చేతులు, మఫ్లర్ కొసలు బండి లోపలే ఉండాలి, చెట్లు బాగా దగ్గరగా వస్తాయి. బండి ఒరిగి పడిపోతే వెనక పరిగెత్తొద్దు. దారి పక్కకు జరిగి అక్కడే ఉండండి, మషర్ బండి ఆపి మీ దగ్గరికి వస్తారు. మూస్ అనే పెద్ద దుప్పి దారికి అడ్డం రావచ్చు, ముందు కాళ్లతో గట్టిగా తంతుంది. అప్పుడు మాట్లాడకుండా, మషర్ చెప్పినట్టు చేయండి. నది మీద మంచు ఎంత గట్టిగా కనిపించినా పెద్దవాళ్లు అడుగు పెట్టకుండా మీరు పెట్టొద్దు, పైన మెత్తటి మంచు, కింద నీళ్లు ఉండొచ్చు. ఇనుప కంబీకి నాలుక ఆనించొద్దు, అతుక్కుపోతుంది. అతుక్కుంటే లాగకుండా, గోరువెచ్చని నీళ్లు పోయమని సైగ చేయండి.

తిరిగొచ్చాక కుక్కల కాళ్లకు తొడిగిన చిన్న మేజోళ్లు విప్పడానికి సాయం చేయొచ్చా అని అడగండి. ఆ తర్వాత లోపలికెళ్లి, హాట్ చాక్లెట్ కన్నా ముందు, సాక్సులు విప్పి పది వేళ్లూ చూసుకోండి.