కేబుల్ ఊడకముందే: లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్ రాసేవాళ్లకు జాగ్రత్తలు

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో బల్ల మీద నెల రోజులు నిక్షేపంగా నడిచిన యూఎస్‌బీ డ్రైవర్, పీణ్య పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ మెషీన్ పక్కన పెట్టిన పూటే లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్‌ని పడుకోబెట్టొచ్చు. బల్ల మీద కేబుల్‌ని ఎవరూ కదపరు. ఫ్యాక్టరీలో పెద్ద మోటారు స్టార్టయితే ఓల్టేజీ కుంగుతుంది, ఊడ్చేవాళ్ల చీపురు కేబుల్‌కి తగులుతుంది. దానికి తోడు ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరులో ఉరుములు మొదలైతే కరెంటు పోయి రావడం మామూలే. యూపీఎస్ మీద ఉన్న కంప్యూటర్ బతికే ఉంటుంది, విడి అడాప్టర్ మీద ఉన్న హబ్ మాత్రం చచ్చి లేస్తుంది. కెర్నెల్ లెక్కలో అది పరికరాన్ని పీకేసి మళ్లీ పెట్టడమే. కాబట్టి సరుకు గేటు దాటకముందే తేల్చుకోవాల్సింది ఒకటి: పరికరం మధ్యలో మాయమైతే మీ డ్రైవర్ మర్యాదగా తప్పుకుంటుందా లేదా. డేటా రావడం సగం పనే.

రోజూ వాడే ల్యాప్‌టాప్‌లో కొత్త మాడ్యూల్‌ని (కెర్నెల్లోకి ఎక్కించే డ్రైవర్ ఫైలు) లోడ్ చేయకండి. కెర్నెల్లో ఒక్క చెడ్డ పాయింటర్ చాలు, సేవ్ చేయని పనంతా పోతుంది. మొదట క్యూఎమూ వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) ఎక్స్‌హెచ్‌సీఐ అనే యూఎస్‌బీ కంట్రోలర్ పెట్టి అసలు పరికరాన్ని దానికి అప్పగించండి. అక్కడ నిలబడ్డాక పాత డెస్క్‌టాప్ ఒకటి చూసుకోండి. దానికి, కెర్నెల్ సందేశాలని వేరే కంప్యూటర్‌కి పంపే సీరియల్ కన్సోల్‌గానీ నెట్‌కన్సోల్‌గానీ తప్పనిసరి. యూఎస్‌బీ కోర్ ఇరుక్కుపోతే యూఎస్‌బీ కీబోర్డు కూడా దాంతోపాటే పోతుందని ఆ క్షణం దాకా చాలామందికి తట్టదు. టెస్ట్ కెర్నెల్లో తప్పుల్ని పట్టే కేసాన్ (మెమరీ), లాక్‌డెప్ (లాకులు), డీబగ్ అటామిక్ స్లీప్ (నిద్రపోకూడని చోట నిద్ర), డీఎంఏ ఏపీఐ డీబగ్ (ప్రాసెసర్ లేకుండా పరికరం నేరుగా మెమరీని వాడే డీఎంఏ) నాలుగూ ఆన్ చేసి బిల్డ్ చేయండి. మెషీన్ నెమ్మదిస్తుంది, ఫర్వాలేదు. ఇవి లేకుండా పాసైన టెస్టుని లెక్కలోకి తీసుకోవద్దు.

బఫర్ ఎక్కడిది?

కంట్రోల్ మెసేజ్‌కైనా బల్క్ మెసేజ్‌కైనా ఇచ్చే బఫర్ (డేటా పెట్టుకునే మెమరీ) కెర్నెల్లో మెమరీ అడిగే ఫంక్షన్ కేమాలక్‌తో తెచ్చినదే అయి ఉండాలి. ఫంక్షన్ లోపల ఎనిమిది బైట్ల అర్రే పెట్టి (అది స్టాక్ మీద ఉంటుంది) దాని అడ్రస్ పంపేయడం తేలికే. కానీ అందులోకి రాసేది ప్రాసెసర్ కాదు, డీఎంఏ ద్వారా కంట్రోలర్. 2016లో వచ్చిన 4.9 కెర్నెల్‌తో ఎక్స్86లో స్టాక్‌ని వీమాలక్ ప్రాంతంలో, అంటే డీఎంఏకి నేరుగా పనికిరాని మెమరీలో, పెట్టే వీలొచ్చింది. అప్పటిదాకా అదృష్టం మీద నెట్టుకొచ్చిన డ్రైవర్లు ఆ దెబ్బకి బయటపడ్డాయి. ఇప్పుడైతే బఫర్ స్టాక్ మీద ఉందని కెర్నెల్ లాగ్‌లో హెచ్చరించి, మైనస్ 11 అనే ఎర్రర్ నంబరు ఇచ్చి తిప్పి పంపుతుంది.

ఇంతకన్నా దొంగ తప్పు ఇంకొకటుంది. బఫర్‌ని మీ డ్రైవర్ స్ట్రక్చర్‌లోనే ఒక మెంబరుగా పెట్టడం. ల్యాప్‌టాప్‌లో ఏమీ కాదు. డీఎంఏతో క్యాష్‌ని హార్డ్‌వేరే సరిచూసుకోని ఆర్మ్ బోర్డు మీద మాత్రం, బఫర్ పక్కనున్న లాకో కౌంటరో అదే క్యాష్ లైన్‌లో (క్యాష్ ఒకేసారి తెచ్చే మెమరీ ముక్క) పడితే దాని విలువ చెడిపోతుంది. ఎక్కడో సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది, మీరు వారం రోజులు లాకింగ్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. బఫర్‌ని విడిగా అలకేట్ చేస్తే పీడ పోతుంది.

చిన్న కంట్రోల్ మెసేజ్‌లకి 5.10 కెర్నెల్ నుంచి విడిగా సెండ్, రిసీవ్ ఫంక్షన్లున్నాయి, అవే వాడండి. కాపీ అవే చేసుకుంటాయి, అడిగినన్ని బైట్లు రాకపోతే ఎర్రర్ ఇస్తాయి. పాత ఫంక్షన్ ఎనిమిదికి మూడే వచ్చినా మూడని చెప్పి ఊరుకుంటుంది, మిగతా ఐదు చెత్త. టైమౌట్ సున్నా ఇస్తే ఎప్పటికీ ఎదురుచూడమని అర్థం. 5000 మిల్లీసెకన్లు ఇవ్వండి.

పరికరం పోయినప్పుడు

కేబుల్ ఊడిన క్షణానికీ మీ డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌కి పిలుపొచ్చే క్షణానికీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆ సందులో పెండింగ్ యూఆర్‌బీలు (పరికరానికి పంపిన డేటా అభ్యర్థనలు) మైనస్ 71, మైనస్ 84, మైనస్ 62 లాంటి ఎర్రర్లతో తిరిగొస్తాయి. ఏ ఎర్రరొచ్చినా వెంటనే మళ్లీ సబ్‌మిట్ చేసేలా కంప్లీషన్ హ్యాండ్లర్ (యూఆర్‌బీ తిరిగొచ్చాక నడిచే ఫంక్షన్) రాసి ఉంటే, అది మళ్లీ అదే ఎర్రర్‌తో వచ్చి పడుతుంది, మళ్లీ సబ్‌మిట్ అవుతుంది. లాగ్ నిండిపోతుంది, ఒక కోర్ దానికే అంకితం. మైనస్ 2, మైనస్ 104, మైనస్ 108 (యూఆర్‌బీ రద్దయింది లేదా పరికరం పోయింది) వస్తే మారు మాట లేకుండా ఆగిపోవాలి. మైనస్ 71కి మాత్రం కాస్త ఆగి ప్రయత్నించాలి. కెర్నెల్లోని యూఎస్‌బీ హిడ్ (కీబోర్డు, మౌస్) డ్రైవర్ 13 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి విరామం పెంచుకుంటూ పోతుంది, అదే పద్ధతి పట్టండి. మైనస్ 32 అంటే ఎండ్‌పాయింట్ (పరికరంలో డేటా వెళ్లే దారి) స్టాల్ అయింది, అంటే మొరాయించింది, క్లియర్ హాల్ట్ చేయాలి. కానీ అది నిద్రపోయే ఫంక్షన్. హ్యాండ్లర్ లోపల నిద్ర కుదరదు, పనిని వర్క్‌క్యూకి (తర్వాత చేసే పనుల వరుస) అప్పగించండి. హ్యాండ్లర్‌లో మెమరీ అడిగితే జీఎఫ్‌పీ అటామిక్ (నిద్రపోకుండా ఇవ్వమని) అని అడగాల్సిందీ ఇందుకే.

ఇక డిస్‌కనెక్ట్ లోపల వరుస. ముందు డివైస్‌ని డీరిజిస్టర్ చేసి కొత్తగా ఎవరూ ఓపెన్ చేయకుండా తలుపు మూయండి. తర్వాత మ్యూటెక్స్ (ఒకసారి ఒకరికే దక్కే తాళం) పట్టుకుని "పరికరం పోయింది" అన్న ఫ్లాగ్ పెట్టి, మ్యూటెక్స్ వదిలేయండి. ఆ తర్వాతే యూఆర్‌బీల పని పట్టాలి. ఇక్కడ చాలామంది కిల్ వాడి అయిపోయిందనుకుంటారు. కిల్ చేస్తే ఆ యూఆర్‌బీ ఆ క్షణానికి ఆగుతుంది, అంతే. వర్క్‌క్యూలో ఉన్న పని లేచి దాన్నే మళ్లీ సబ్‌మిట్ చేయగలదు. పాయిజన్ చేస్తే ఆపైన ఎవరు సబ్‌మిట్ చేసినా మైనస్ 1 తగులుతుంది. అందుకే ముందు పాయిజన్, ఆ వెనక వర్క్‌క్యూలోని పనిని రద్దుచేసే క్యాన్సిల్ వర్క్ సింక్. క్యాన్సిల్ చేసేటప్పుడు మ్యూటెక్స్ చేతిలో ఉండకూడదు. ఆ వర్క్ కూడా అదే మ్యూటెక్స్ కోసం కాచుకుని ఉంటే రెండూ ఇరుక్కుంటాయి. డిస్‌కనెక్ట్ నడిచేది హబ్ వర్క్‌క్యూలో కాబట్టి, అలా ఇరుక్కుంటే ఆ హబ్‌లో కొత్తగా ఏం పెట్టినా కనబడదు.

స్ట్రక్చర్‌ని డిస్‌కనెక్ట్‌లోనే కేఫ్రీతో విడుదల చేసేయకండి. ఏదో అప్లికేషన్ ఫైల్ ఓపెన్ చేసి కూర్చునే ఉంటుంది, తర్వాత అది రీడ్ చేస్తే విడుదలైన మెమరీని తాకుతుంది. కేరెఫ్ (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) వాడి ప్రోబ్‌లో (పరికరం పెట్టగానే నడిచే ఫంక్షన్) ఒకటి, ప్రతి ఓపెన్‌కీ ఒకటి లెక్క పెట్టండి. ఆఖరున వదిలినవాళ్లే మెమరీ విడుదల చేస్తారు.

ప్రోబ్ గురించి ఒక్క మాట. డిస్క్రిప్టర్ (పరికరం తన గురించి ఇచ్చే వివరాలు) చెప్పిందల్లా నమ్మకండి. రెండు ఎండ్‌పాయింట్లుంటాయని ఊహించి రాసిన డ్రైవర్లని గూగుల్ వాళ్ల సిజ్‌కాలర్ ఫజర్ (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్‌తో పరీక్షించే ప్రోగ్రాం) నకిలీ పరికరాలతో కుప్పలుగా కూల్చింది. ఫైండ్ కామన్ ఎండ్‌పాయింట్స్‌తో వెతికి, దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి బయటికి రండి.

ఇప్పుడు పరీక్ష. ఖాళీగా ఉన్నప్పుడు పీకడం, డేటా నడుస్తుండగా పీకడం, పీకాక కూడా ఫైల్ ఓపెన్‌గా ఉంచి ఆ తర్వాత మూయడం, ఈ మూడూ కావాలి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగుల ఫైళ్లు) అన్‌బైండ్‌ని, అంటే డ్రైవర్‌ని పరికరం నుంచి విడదీయడాన్ని, లూప్‌లో వందలసార్లు తిప్పడం మంచిదే, కానీ అదొక్కటే చాలదు. అన్‌బైండ్‌లో పరికరం ఇంకా బతికే ఉంటుంది, మీ డిస్‌కనెక్ట్‌ని పిలిచే ముందే కోర్ యూఆర్‌బీలని శుభ్రంగా ఆపేస్తుంది. మైనస్ 71 సందు అందులో కనబడదు, చేత్తో పీకితేనే కనబడుతుంది. పోర్టు పోర్టుకీ పవర్ ఆపగలిగే హబ్ దొరికితే చేతికి శ్రమ తప్పుతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ బజారులో కొనేటప్పుడు అక్కడికక్కడే పెట్టి చూడండి. చౌక హబ్‌లు ఆ సౌకర్యం ఉందని డిస్క్రిప్టర్‌లో చెప్పుకుంటాయి, పవర్ మాత్రం ఆగదు.

ఫ్యాక్టరీలో కోడ్‌తో తీరనివీ కొన్నుంటాయి. అడాప్టర్ లేని యూఎస్‌బీ 2 హబ్ పోర్టుకి 100 మిల్లీఆంప్స్ మించి ఇవ్వదు. మీ పరికరం 500 అడిగితే బస్ పవర్ చాలదని కెర్నెల్ ఆ కాన్ఫిగరేషన్‌ని తోసిపుచ్చుతుంది, మీ ప్రోబ్‌కి పిలుపే రాదు. కేబుల్ 5 మీటర్లు దాటకూడదు, మోటారు డ్రైవ్ వైర్లతో కలిపి కట్టకూడదు. కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో "డిజేబుల్డ్ బై హబ్" అనీ పక్కనే ప్రశ్నార్థకంతో ఈఎంఐ (విద్యుదయస్కాంత జోక్యం) అనీ కనబడితే డ్రైవర్ని తిట్టుకోకుండా షీల్డ్ కేబుల్, ఫెరైట్, ఐసొలేటర్ వైపు చూడండి.

సరుకుతోపాటు టెస్ట్ కెర్నెల్ పంపనక్కర్లేదు గానీ, యూఎస్‌బీ రాకపోకల్ని చూపే యూఎస్‌బీమాన్ మాడ్యూల్ మాత్రం ఉండేలా చూడండి. అక్కడ ఏదైనా తేడా వస్తే వైర్‌షార్క్‌తో పట్టిన ఒక్క క్యాప్చర్, ఫోన్లో గంటసేపు అడిగే ప్రశ్నలకన్నా ఎక్కువ చెబుతుంది.