టైం తక్కువున్నా ఇంట్లో బులెట్లు పోసుకుని రీలోడింగ్ చేయడం ఎలా?

ముందు చట్టం సంగతి తేల్చుకుందాం, అది తేలకుండా మిగతాది చదివి లాభం లేదు. ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం రాస్తున్నది. రీలోడింగ్ అంటే కాల్చేసిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్ (నిప్పు అంటించే చిన్న టోపీ), పౌడర్ (పేలుడు మందు), బులెట్ (బయటికి దూసుకెళ్లే సీసం ముక్క) పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం. ఇక్కడ సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే మాత్రం కావాలి. ఇండియాలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, కాబట్టి ఊళ్లో ఉన్న తమ్ముడికి ఈ పద్ధతులు నేర్పే ఆలోచన పెట్టుకోకండి. ఇక్కడున్నా హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా నిషేధమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, తేడా వస్తే వీసాకే ఎసరు, లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు కూడా తమ రాష్ట్రం రూల్స్ చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం తూటాలు పనికిరావు.

ఇక టైం విషయం. వారమంతా ఆఫీసు, శనివారం పిల్లల క్లాసులు, ఆదివారం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం, ఇంక సీసం ఎప్పుడు కరిగిస్తాం అని చాలామంది మొదలుపెట్టకుండానే వదిలేస్తారు. నిజానికి ఈ పనిలో చాలా భాగం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చు, మళ్లీ ఎప్పుడో అందుకోవచ్చు. మధ్యలో ఆపకూడని దశలు రెండే రెండు, సీసం పోయడం, పౌడర్ నింపడం. ఆ రెంటికీ క్యాలెండర్‌లో చోటు పెట్టుకుంటే మిగతావి చిల్లర టైంలో అయిపోతాయి. కింద చెప్పేదంతా .38 స్పెషల్ రివాల్వర్ తూటాని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను, కొత్తవాళ్లకి అది సులువు.

1. సీసం పోయడం ఏడాదికి ఒకటి రెండు సార్లే

పాట్ వేడెక్కి సీసం కరగడానికి, అచ్చు సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, మీరు యాభై బులెట్లు పోసినా ఏడొందలు పోసినా ఆ ఎదురుచూపు ఒక్కటే, అందుకే వారం వారం గంట కూర్చోవడం శుద్ధ దండగ. ఎండ మరీ లేని రోజు, వాన సూచన లేని రోజు చూసుకుని సగం పూట కేటాయించండి. లెక్క చూడండి: పౌండుకి 7000 గ్రెయిన్లు, .38కి వాడే బులెట్ 158 గ్రెయిన్లు, అంటే పౌండుకి సుమారు 44 బులెట్లు. 20 పౌండ్ల పాట్‌లో అడుగున కొంత వదిలేసినా ఏడొందలు దాటుతాయి. నెలకి వంద కాల్చేవాళ్లకి ఆరేడు నెలలు చూసుకోనక్కర్లేదు. రెండు గుంటల అచ్చు బదులు ఆరు గుంటలది కొనుక్కోండి, ఈ హాబీలో డబ్బు పెట్టి నిజంగా టైం కొనుక్కోగలిగేది అక్కడే.

అచ్చుని పాట్ అంచు మీదో చిన్న హాట్ ప్లేట్ మీదో ముందే వేడెక్కనివ్వండి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పోయడానికి 370–385 మధ్య ఉంటే బాగుంటుంది, రెండు శాతం తగరం కలిస్తే అచ్చు మూలల్లోకి చక్కగా పారుతుంది. బులెట్ మీద ముడతలు పడితే అచ్చు చల్లగా ఉన్నట్టు, బూడిద పూసినట్టు మసకగా ఉంటే వేడి ఎక్కువైనట్టు. మసకవి కాల్చుకోవచ్చు, ముడతలవి మళ్లీ పాట్‌లోకే. ఒక్కొక్క బులెట్‌నీ తీసి చూసుకుంటూ కూర్చుంటే అచ్చు చల్లారిపోతుంది. మడత పెట్టిన తువ్వాలు మీద పడేసుకుంటూ పొండి, ఏరివేత ఇంకో సాయంత్రం తీరిగ్గా చేసుకోవచ్చు.

తుక్కు సీసం, పాత వీల్ వెయిట్లు (కారు చక్రాల బరువు సరిచేయడానికి తగిలించే ముక్కలు) కరిగించి దిమ్మెలు చేయడం ఈ రోజు పెట్టుకోకండి, దానికి వేరే పాత్ర, వేరే రోజు. వీల్ వెయిట్లలో జింక్‌వి కలిసిపోతే పాట్ మొత్తం పాడవుతుంది. జింక్ 419 డిగ్రీల దాకా కరగదు కాబట్టి వేడి అదుపులో ఉంచితే పైకి తేలుతుంది, తీసి పారేయొచ్చు.

కరిగిన సీసంలో నీటి చుక్క పడితే ఒక్కసారిగా ఆవిరై సీసం మొత్తం ఎగజిమ్ముతుంది. తడి దిమ్మె, చెమట చుక్క, పక్కన పెట్టిన కూల్‌డ్రింక్ గ్లాసు, ఏదైనా ప్రమాదమే. ఆరుబయటైనా గాలి ఆడే గరాజ్‌లోనైనా, ముఖానికి షీల్డ్, చేతులకి తోలు గ్లవ్స్, కాళ్లకి బూట్లు వేసుకుని చేయండి. పాట్ వేడిగా ఉన్నంతసేపూ దాని దగ్గర నుంచి కదలొద్దు. పిల్లల్ని చూసుకోవాల్సిన వంతు మీదైతే ఆ రోజు పాట్ వెలిగించొద్దు.

2. పూత దానంతటదే ఆరుతుంది

బులెట్ తుపాకీ గొట్టంలో సాఫీగా జారడానికి, ద్రవరూపంలో దొరికే లూబ్ (జిడ్డు) కొన్ని చుక్కలు వేసి బులెట్లని డబ్బాలో దొర్లించి, వ్యాక్స్ పేపర్ మీద పరిచేసి పడుకోవడమే. పౌడర్ కోటింగ్ (పేలుడు మందు కాదు, రంగు పొడి పూసి ఓవెన్‌లో కాల్చడం) చేస్తే 200 డిగ్రీల దగ్గర ఓ ఇరవై నిమిషాలు పడుతుంది, కానీ ఆ ఓవెన్‌లో ఇంకెప్పుడూ తిండి పెట్టకూడదు.

3. ఇత్తడి కేసులు పావుగంట పావుగంటగా

కాల్చిన కేసుల్ని శుభ్రం చేసే టంబ్లర్ మీరు వంట చేస్తుండగా గరాజ్‌లో తిరుగుతుంది. పొడి టంబ్లర్ దుమ్ములో ప్రైమర్ల నుంచి వచ్చిన సీసం ఉంటుంది, అందుకే నీళ్లతో చేసేదే నాకు నచ్చుతుంది. తర్వాత పాత ప్రైమర్ తీయడం, సైజు సరిచేయడం, మూతి కొద్దిగా విప్పడం. .38కి కార్బైడ్ డై (కేసుని నొక్కి సైజు సరిచేసే గట్టి లోహపు పనిముట్టు) ఉంటే కేసులకి నూనె రాయక్కర్లేదు, అదే చాలా టైం మిగులుస్తుంది. ఈ మూడూ యాభై చొప్పున చేసి వదిలేయొచ్చు. వినడం తప్ప నోరు మెదపక్కర్లేని ఆఫీస్ మీటింగ్‌లో కూడా నడిచిపోతాయి, మ్యూట్ మాత్రం మర్చిపోకండి. పగుళ్లున్న కేసు కనిపిస్తే చెత్తలోకే.

చేతి పరికరంతో కొత్త ప్రైమర్లు ఎక్కించడం కూడా చిల్లర టైం పనే, కానీ కళ్లద్దాలు పెట్టుకోండి, ప్రైమర్లు వచ్చిన పెట్టెలోంచి సీసాలోకి పోయకండి, ఒకటి పేలితే అన్నీ పేలతాయి.

ఆపేసిన ప్రతిసారీ డబ్బా మీద కాగితం అంటించండి: ఏ దశ అయింది, ఏ ప్రైమర్, ఏ తేదీ. రెండు వారాల తర్వాత వచ్చి ఎక్కడ ఆపామో గుర్తు చేసుకోవడానికే సగం గంట పోతుంది.

4. పౌడర్‌కి తలుపు వేసుకోండి

.38 స్పెషల్ పొగ ఎక్కువొచ్చే పాతకాలం పౌడర్ కోసం పుట్టిన కేసు, లోపల చోటు చాలా ఉంటుంది. ఇప్పటి పౌడర్ అందులో అడుగున కాస్తే పడుతుంది, అందువల్ల పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు, రివాల్వర్ పగిలినప్పుడే తెలుస్తుంది. కాబట్టి ఫోన్ పక్క గదిలో పెట్టేసి, అరగంట నన్ను పిలవొద్దని ఇంట్లో చెప్పి కూర్చోండి. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. ఎంత పోయాలో లైమన్ లాంటి కంపెనీలు ముద్రించిన రీలోడింగ్ మాన్యువల్‌లో సీసం బులెట్‌కి ఇచ్చిన పట్టికలోనే చూడండి, అందులో తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి, ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన అంకె వద్దు. త్రాసు ముందే సరిచూసుకోండి. యాభై కేసులు నిలబెట్టే గుంటల చెక్కలో అన్నీ నింపాక టార్చ్ వేసి వరుస వరుసా చూసి, వెంటనే బులెట్లు కూర్చోబెట్టండి. మధ్యలో ఎవరైనా పిలిచి లేవాల్సి వస్తే ఆ చెక్కలోని పౌడర్ అంతా తిరిగి డబ్బాలో పోసేసి మళ్లీ మొదలు. రాత్రి పదింటికి నిద్ర ఆపుకుంటూ చేసే పని కాదిది.

మీట లాగినప్పుడల్లా అన్ని దశలూ ఒకేసారి చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ (రీలోడింగ్ యంత్రం) కొంటే గంటలో వందలు వస్తాయని ఊరిస్తారు. నెలకి వంద కాల్చేవాళ్లకి దాన్ని సరిచేసుకునే టైమే ఎక్కువ, ఒక్కో దశే చేసే సింగిల్ స్టేజ్ గానీ, డైలు తిప్పుకుంటూ వాడే టరెట్ గానీ చాలు.

5. కడుక్కోవడం, దాచుకోవడం

ఈ పనుల్లో టీ, టిఫిన్ పక్కన పెట్టుకోవద్దు. అయ్యాక చల్లనీళ్లు, సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి. పిల్లల రక్తంలో డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాముల సీసం ఉన్నా గమనించాల్సిందేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో హద్దు తగ్గించింది. పౌడర్, ప్రైమర్లు అసలు డబ్బాల్లోనే, తాళం వేసి ఉంచాలి. అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ ఇచ్చిన 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో మామూలుగా 20 పౌండ్ల పౌడర్, 10,000 ప్రైమర్ల దాకా ఉంచుకోవచ్చు, మీ ఊరి ఫైర్ కోడ్‌లో ఇంకా తక్కువ ఉండొచ్చు.

ఇవన్నీ చూశాక సీసం పోయడానికి సగం పూట కూడా దొరకదనిపిస్తే, ఆ ఒక్క మెట్టు వదిలేసి పోసిన బులెట్లే కొనుక్కోండి. డబ్బు మిగిలేది కాస్త తగ్గుతుంది, మిగతాదంతా అలాగే నడుస్తుంది. కాల్చేది 9 ఎం.ఎం. ఒక్కటే అయితే మాత్రం ముందు షాపులో డబ్బా ధర కనుక్కుని, మీ గంట విలువతో లెక్క కట్టుకుని అప్పుడు ప్రెస్ కొనండి.