పవర్ ఎంతవరకు? మా బెజవాడ టేబుల్ మీద ఇంటి రూల్స్

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సత్యనారాయణపురంలోని మా ఇంటికి ఐదుగురు వస్తారు. గేమ్ మాస్టర్‌ని నేను, అంటే కథ నడిపించి తీర్పు చెప్పేది నేనే. ఆడేది మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో ఎడిషన్, ఒక్కొక్కరు ఒక్కో సూపర్‌హీరోగా మారి మాటలతో, డైస్‌తో కథ నడిపే ఆట. పవర్ లెవెల్ 10, అంటే పవర్లూ అవీ కొనుక్కోవడానికి ఒక్కో హీరోకి 150 పాయింట్లు. హీరోలు తిరిగే ఊరు మాత్రం మన విజయవాడే. నాలుగేళ్లలో మా నోట్‌బుక్‌లోకి ఎక్కిన రూల్స్‌లో పవర్లకు సంబంధించినవి ఇక్కడ రాస్తున్నాను. మీ టేబుల్‌కి పనికొచ్చేవి తీసుకోండి.

మొదట చేయాల్సింది కొలతల పట్టీ. ఈ ఆటలో పవర్ ఎంత బలమైనదో ర్యాంక్ చెబుతుంది. ఒక్కో ర్యాంక్ పెరిగేకొద్దీ దూరమైనా బరువైనా సుమారు రెట్టింపవుతుంది. రూల్ పుస్తకం అదంతా అడుగుల్లో, పౌండ్లలో, మైళ్లలో చెబుతుంది. 1,800 అడుగులు అంటే మా పిల్లల కళ్లకు ఏమీ కనపడదు. అందుకే మీ ఊరి మ్యాప్ ముందు పెట్టుకుని ఆ ర్యాంకుల్ని ఊళ్లోకి దించండి. టెలిపోర్ట్ (ఒకచోట మాయమై ఇంకోచోట తేలే పవర్) ర్యాంక్ 6 అంటే సుమారు 550 మీటర్లు, 7 అంటే 800, 8 అంటే 1,600. ప్రకాశం బ్యారేజి పొడవు 1,223 మీటర్లు. కాబట్టి ర్యాంక్ 7 హీరో విజయవాడ ఒడ్డున మాయమై ఒక్క గెంతులో అవతలి ఒడ్డున సీతానగరంలో తేలలేడు. నడుమ ఎక్కడో గేట్ల మీద దిగాలి. అదే రౌండ్‌లో మళ్లీ గెంతాలంటే కొట్టే అవకాశం వదులుకోవాలి. ఈ ఒక్క లెక్క వల్ల మాకు ఎంత మంచి పోరాటాలు దొరికాయో చెప్పలేను. బలం కూడా ఇంతే. ర్యాంక్ 4 అంటే సుమారు 360 కిలోలు, ఖాళీ ఆటోని లేపొచ్చు. ర్యాంక్ 9కి దాదాపు 11 టన్నులు, అంటే ఖాళీ సిటీ బస్సు వరకు వెళ్లొచ్చు.

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఈ లెక్కలంటే నాకు ప్రాణం. దానివల్లే ఒకసారి తప్పు చేశాను. మా రూల్స్‌లో ముఖ్యమైనది ఆ రోజే పుట్టింది.

2024 సెప్టెంబరు వరద తర్వాత కొన్ని నెలలకు, బ్యారేజి దగ్గర వరద వచ్చే సన్నివేశం పెట్టాను. మా ఆటగాళ్లలో డిగ్రీ చదివే ఒకబ్బాయి హీరోకి నీళ్లను కదిలించే పవర్ ఉంది, ర్యాంక్ 10. "నది ఆపేస్తాను సార్" అన్నాడు. నేను వెంటనే కాగితం తీశాను. ఆ సెప్టెంబరులో బ్యారేజి దగ్గర నమోదైన వరద 11.43 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. ఆటలో రౌండ్ ఆరు సెకన్లు. అంటే ఒక్క రౌండ్‌లో వచ్చే నీళ్లు దాదాపు 1,94,000 టన్నులు. ర్యాంక్ 10 కదిలించగలిగేది 23 టన్నులు. ఎనిమిది వేల రెట్లకు పైగా తేడా. "కుదరదు" అన్నాను.

వాడు కాసేపు డైస్ వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "నది వద్దు సార్, మా వీధి చాలు" అన్నాడు. వాళ్లది సింగ్‌నగర్. బుడమేరు నీళ్లు వాళ్ల గ్రౌండ్ ఫ్లోర్ మొత్తం నింపేశాయని నాకు తెలుసు. తెలిసీ ఆ సన్నివేశం పెట్టాను. ఆట అక్కడితో ఆపేశాం.

రాత్రి మళ్లీ లెక్క వేశాను. 23 టన్నులంటే పదడుగులకు పదడుగుల గదిలో ఎనిమిది అడుగుల ఎత్తు దాకా నిండిన నీళ్లు. అంటే మా హీరో ఒక్క రౌండ్‌లో ఒక ఇంటి గదిని ఖాళీ చేయగలడు. మంచం మీద నిలబడ్డ ముసలమ్మని బయటికి తీసుకురాగలడు. మరుసటి ఆదివారం ముందుగా వాణ్ని పక్కకు పిలిచి, ఈ కథ మళ్లీ ఆడదామా, వదిలేద్దామా అని అడిగాను. ఆడదామన్నాడు. ఆ రోజు వాడు పదకొండు గదులు ఖాళీ చేశాడు. మిగతా నలుగురూ వాడు చెప్పిన ఇంటికల్లా పరిగెత్తారు.

అందుకని మా టేబుల్ మీద గేమ్ మాస్టర్ "కుదరదు" అనకూడదు. "ఎంతవరకు కుదురుతుంది" అన్నది చెప్పాలి, అదీ మనుషులకు అర్థమయ్యే వస్తువుల్లో: గది, మెట్లు, ఆటో, పడవ. రెండోది, ఊరు నిజంగా అనుభవించిన కష్టాన్ని ఆటలోకి తెచ్చేముందు ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. టేబుల్ మీద అందరి ముందూ అడిగితే ఎవరూ వద్దనరు.

మనసు చదివే పవర్‌కి గట్టి రూల్ కావాలి. లేకపోతే దర్యాప్తు కథలన్నీ పది నిమిషాల్లో ముగుస్తాయి. మా దగ్గర డైస్ గెలిస్తే ఒకే ప్రశ్న, దానికి జవాబు ఒకే దృశ్యం. బాంబు ఎక్కడ పెట్టావని విలన్ మనసులో వెతికితే తడి మెట్లు, దూరంగా గుడి గంట కనిపించాయన్నాను. దుర్గా ఘాట్, కృష్ణవేణి ఘాట్, పద్మావతి ఘాట్ అంటూ రెండు గంటలు వెతికారు. తోటి హీరో మనసు చదవాలంటే ముందు ఆ ఆటగాడి అనుమతి కావాలి. మనసును లొంగదీసుకునే పవర్‌కీ అంతే, ఇందులో మినహాయింపు లేదు.

ఇక ఆల్టర్నేట్ ఎఫెక్టులు. పుస్తకం ప్రకారం 20 పాయింట్ల పవర్ ఒకటి కొనుక్కుంటే, దానికి బదులుగా వాడుకునే ఇంకో 20 పాయింట్ల పవర్ ఒక్క పాయింటుకే వస్తుంది. మా బాబాయి కొడుకు అలా పదకొండు పోగేశాడు. నిప్పు వాడిదే, మంచు వాడిదే, ఎగరడం కూడా వాడిదే. మిగతావాళ్లు పునుగులు తింటూ కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు మూడే అనుమతి. ఆ మూడింట్లో ఏదైనా వేరొకరి హీరోకి ప్రధానమైన పవర్ అయితే, వాళ్లు సరే అంటేనే తీసుకోవాలి. అప్పటికప్పుడు కొత్త విన్యాసం చేసే పవర్ స్టంట్ మాత్రం పుస్తకంలో ఉన్నట్టే: హీరో అలిసిపోతాడు, హీరో పాయింట్ ఖర్చు పెడితే అలసట పోతుంది. మా టేబుల్ మీద అదే స్టంట్ మూడోసారి చేస్తే ఒక పాయింట్ పెట్టి కొనుక్కోవాల్సిందే.

కాలంలో వెనక్కి వెళ్లే పవర్ మా దగ్గర లేదు. అడగరు కూడా.

రూల్ పెట్టే పద్ధతి కూడా చెబుతాను. ఆటకు ముందే ఊహించి రాసిన రూల్స్ మాకు ఒక్కటీ నిలవలేదు. ఒకే విషయం మీద రెండుసార్లు గొడవ వచ్చాకే నోట్‌బుక్ తెరవండి. గొడవ జరుగుతున్నప్పుడు మాత్రం గేమ్ మాస్టర్ మాటే చెల్లాలి, ఆట ఆగకూడదు. చివర్లో టీ తాగేటప్పుడు అందరూ మాట్లాడి పెన్సిల్‌తో రాయండి. మూడు ఆదివారాలు ఆడి చూశాక పెన్నుతో దిద్దండి. ఆ రూల్ వల్ల ఎవరి హీరో అయినా బలహీనపడితే, ఆ పాయింట్లు వెనక్కిచ్చి వేరే పవర్ కొనుక్కోనివ్వండి. ఇది చేయకపోతే ఆ ఆటగాడు తనకు శిక్ష వేశారనుకుంటాడు, అనుకోవడం న్యాయమే.

మా నోట్‌బుక్‌లో ఇప్పుడు పెన్సిల్‌తో ఉన్నది ఒకటే. గోడల్లోంచి దూరిపోయే హీరో కదులుతున్న రైల్లో పవర్ వాడితే రైలుతో పాటు వస్తాడా, కృష్ణా బ్రిడ్జి మీదే మిగిలిపోతాడా? నేను మిగిలిపోతాడంటున్నాను. మిగతా ఐదుగురూ వస్తాడంటున్నారు. ఒక ఆదివారం వాళ్ల పద్ధతిలో ఆడాం, ఇంకా రెండున్నాయి.