మనసు వైద్యానికి యాప్ పెట్టుకునే ముందు

మా తమ్ముడు నిద్ర పట్టక ఒక మానసిక ఆరోగ్య యాప్ పెట్టుకున్నాడు. అది మొదట అడిగింది నిద్ర గురించి కాదు, ఫోనులోని కాంటాక్టులు చూసేందుకు అనుమతి. వద్దని నొక్కించాను. మీరూ అదే చేయండి. మైకు అనుమతి మాట్లాడేటప్పుడు ఇచ్చి, అయిపోగానే సెట్టింగులలో తీసేయండి.

అవతల ఉన్నది మనిషా, యంత్రమా అని సూటిగా అడగండి. డాక్టరైతే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2020 టెలిమెడిసిన్ (ఫోను, ఇంటర్నెట్ ద్వారా చేసే వైద్యం) మార్గదర్శకాల ప్రకారం మందుల చీటీ మీద అది ఉండి తీరాలి.

ఇంట్లోవాళ్లకు కష్టమైనది ఒకటుంది: చాట్ చదవకండి. బల్ల మీద వాడి ఫోను తెరిచే ఉంది, నాకూ మనసు పీకింది. బోర్లా పెట్టి, "నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు" అన్నాను. రెండు రోజులకు తనే నోరు విప్పాడు.

గోప్యత రోగి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో 18 ఏళ్లు నిండినవారు ముందే రాసి పెట్టుకోవచ్చు. మనసు కుదుటపడ్డాక రాయమనండి, మాటలు మీరు అందించకండి.

చనిపోవాలనుందన్న మాట వస్తే మాత్రం గోప్యత అని ఆగవద్దు. పక్కనే ఉండి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు. అప్పటికే హాని జరిగి ఉంటే ముందు 108.