గేదె మేత మానేసి మూలుగుతోందా? కడుపులో తీగ గుచ్చుకుందేమో చూడండి

లక్షణం: నిన్నటిదాకా బాగా పాలిచ్చిన గేదెకు ఒక్కసారిగా పాలు సగానికి పడిపోయాయి. మేత ముట్టదు, నెమరు వేయదు. చాలామంది అజీర్తి అనుకుని నూనె, వాము నీళ్లు పట్టిస్తారు. దయచేసి ఆగండి, ముందు అది నిలబడ్డ తీరు చూడండి. వీపు పైకి వంచి, ముందు మోచేతులు పక్కలకు తెరిచి నిలబడుతోందా? పడుకోవడానికి జంకుతోందా? పల్లం దిగేటప్పుడు మూలుగుతోందా? మూపు మీద చర్మం పట్టి గట్టిగా నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న పశువు వీపు కిందికి దించుతుంది. కడుపులో నొప్పి ఉన్నది దించదు, మూలుగుతుంది.

కారణం: పశువు మేతను పూర్తిగా నమలకుండానే మింగుతుంది. గడ్డిలో పడ్డ బైండింగ్ వైరు ముక్కో, ఇనుప మేకో దాంతోపాటే లోపలికి పోయి, తేనెతుట్టెలా ఉండే రెటిక్యులం అనే రెండో పొట్టలో ఆగుతుంది. ఆ సంచి ముడుచుకున్నప్పుడల్లా మొన గోడలోకి దిగి, చివరికి చిల్లు పడుతుంది. అందులోంచి కారే సూక్ష్మక్రిములతో పొట్ట లోపలి పొర వాచి చీము పడుతుంది. చూడి నెలలు నిండేకొద్దీ గర్భసంచి ఒత్తిడితో ఈ ముప్పు ఎక్కువ. తీగ ఇంకా ముందుకెళ్లి గుండె పొరను తాకితే మెడ సిరలు ఉబ్బి, గంగడోలులో నీరు చేరుతుంది. అప్పుడు బతకడం చాలా కష్టం.

పరిష్కారం: వెంటనే పశువైద్యుడిని పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి. ఈలోగా నడిపించకండి, నోట్లో ఏదీ పోయకండి. ముందు కాళ్లు 15-20 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా నిలబెట్టండి. డాక్టర్ అయస్కాంతం మింగించి, యాంటీబయాటిక్స్ ఇస్తారు. మూడు రోజుల్లో తేరుకోకపోతే పొట్ట కోసి తీగ తీయాలి. ఆవు, గేదెల శరీరం చిల్లు చుట్టూ పొర కట్టి మూసేయగలదు, అందుకే తొందరగా పట్టుకుంటే చాలావరకు కోలుకుంటాయి.

ఈ జబ్బులో వచ్చిన జ్వరం ఉన్నట్టుండి దిగితే సంతోషపడకండి. 104 డిగ్రీలున్నది 100 కన్నా కిందికి పోయి, చెవులు చల్లబడి, పొట్ట రెండు పక్కలా కిందికి ఉబ్బి, పశువు లేవలేకపోతే విషం కడుపంతా పాకినట్టే. ఈనిన కొన్ని వారాల్లో నాలుగో పొట్టలో పుండు పగిలినా ఇలాగే అవుతుంది. గుర్రాల్లో ఇంకా ఘోరం: కడుపునొప్పితో పొర్లాడిన గుర్రం హఠాత్తుగా నెమ్మదించి చల్లటి చెమటలు పడితే పొట్ట పగిలి ఉండవచ్చు.

పెయ్యలకు ఏడాది వయసులోనే డాక్టర్ చేత అయస్కాంతం మింగించండి. అది ఇనుమునే పట్టుకుంటుంది, రాగి, అల్యూమినియం తీగలను పట్టదు. కాబట్టి ఇల్లు కట్టే చోట పశువులను మేపకండి, లోపల తీగలుండే పాత టైర్లతో తొట్లు పెట్టకండి.