చివరి దవడపన్ను వెనుక చోటును ఇంట్లోనే చూసుకోవడం ఎలా

కింది దవడలో చిట్టచివరి పన్ను వెనుక, వేలి కొన పట్టేంత త్రికోణాకారపు చోటు ఒకటుంది. బ్రష్ అంతదాకా సరిగా పోదు, అద్దంలో మామూలుగా కనిపించదు, అందువల్ల అక్కడ పుట్టిన పుండు తరచుగా ముదిరాక గానీ బయటపడదు. ఒంగోలు, కందుకూరు, పొదిలి వైపు పొగాకు పండించే ఊళ్లలో ఖైనీ, గుట్కా అలవాటున్నవారు ఈ చోటును నెలకొకసారైనా చూసుకొని తీరాలని నా గట్టి అభిప్రాయం.

చేతులు సబ్బుతో కడుక్కొని, కట్టుడు పళ్లుంటే తీసి, వెలుతురు నోట్లోకి పడేలా అద్దం ముందు నిలబడండి. ఇంట్లో ఇంకొకరు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే పని సులువవుతుంది. నోరు పూర్తిగా తెరిస్తే బుగ్గ బిగుసుకొని వేలికి చోటుండదు గనుక, ముందు సగమే తెరిచి, చూపుడు వేలిని బుగ్గకూ పళ్లకూ మధ్యగా వెనక్కి జరపండి. చివరి పన్ను దాటగానే చిగురు మెత్తగా, కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. దాన్ని గడ్డ అనుకొని భయపడనక్కర లేదు. అది రెండు వైపులా ఉండేదే, కింది కట్టుడు పళ్ల సెట్టు వెనుక కొస ఆనేదీ దాని మీదే. ఇంకా వెనక్కి, కొంచెం బుగ్గ వైపుకు జరిపితే పైకి లేచే ఎముక అంచు గట్టిగా తెలుస్తుంది. కణత దగ్గరి నమిలే కండరం కిందికి దిగి అతుక్కునేది ఈ ఎముకకే.

ఇప్పుడు వేలు తీసి నోరు బాగా తెరవండి. ఆ మెత్తని భాగం నుంచి పైదవడ వెనుక కొస వైపు సాగే మడత ఒకటి బిగుసుకొని కనిపిస్తుంది. కింది దవడకు మత్తు సూది వేసేటప్పుడు దంతవైద్యులు గుర్తుగా పెట్టుకునేది ఈ మడతనూ, ఇందాకటి ఎముక అంచునూ. నాలుక వైపున పలుచని పొర కిందే నాలుకకు స్పర్శనిచ్చే నరం పోతుంది కాబట్టి అక్కడ గోటితోనో పుల్లతోనో గుచ్చకూడదు.

జ్ఞానదంతం సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది. చోటు చాలక సగమే పైకి వస్తే, దాని మీద మూతలా మిగిలిన చిగురు కింద మెతుకులు చేరి వాస్తుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించి దంతవైద్యుణ్ని కలవండి. జ్వరం వచ్చినా, మింగలేకపోయినా ఆ రోజే వెళ్లాలి.

రెండు వారాలు దాటినా మానని పుండు, తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, ఒక వైపే వచ్చే చెవిపోటు, ముందు పళ్ల మధ్య మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకోవడం, వీటిలో ఏది కనిపించినా నెల్లూరులోనో ఒంగోలులోనో పెద్దాసుపత్రి దంత విభాగంలో చూపించుకోండి. ఇక్కడి పొర ఎముకను అంటిపెట్టుకొని ఉంటుంది గనుక అది క్యాన్సర్ అయితే ఎముకకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. బయాప్సీకి, అంటే ల్యాబులో పరీక్షకు, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో చాలామంది వెనుకంజ వేస్తారు. అది నిజం కాదు. ఆ చోటుకు మాత్రమే మత్తు ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, మామూలుగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.