డ్యూడ్ రాంచ్‌కి వెళ్తున్నారా? ముందు బూట్లు ఏ బ్యాగులో ఉన్నాయో చూడండి

పోయిన మంగళవారం రాత్రి ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. అమెరికాలోని మోంటానాలో ఏదో డ్యూడ్ రాంచ్‌కి, అంటే డబ్బు కట్టి ఉంటూ గుర్రాలెక్కే పశువుల క్షేత్రానికి, కుటుంబమంతా వారం రోజులకని వెళ్లారు. రెండో రోజే వాళ్లావిడకి చీలమండ దగ్గర రెండు ఎముకలు విరిగాయట. గుర్రం మీంచి పడిందా అంటే, "పడ్డం గడ్డిలోనే పడింది, అందుకు దెబ్బేం తగల్లేదు. కాలు రికాబులో ఇరుక్కుపోయింది" అన్నాడు. రికాబు అంటే జీను పక్కన వేలాడే, కాలు పెట్టే పట్టె. గుర్రం బెదిరి నాలుగడుగులు వేసింది. పక్కనే ఉన్న రాంగ్లర్, అంటే గుర్రాలని చూసుకునే మనిషి, కళ్లెం అందుకున్నాడు కాబట్టి ఆ నాలుగడుగులతో పోయింది.

కాలికి ఏం వేసుకుంది అని అడిగాను. రన్నింగ్ షూస్. బూట్లు కొనలేదా అంటే కొన్నారు, భేషుగ్గా కొన్నారు. అవి పెద్ద సూట్‌కేసులో ఉన్నాయి. ఆ సూట్‌కేసు వీళ్లతో పాటు విమానం దిగలేదు.

కొలరాడోకి వచ్చి పదకొండేళ్లయింది. జూన్ వచ్చిందంటే డాలస్ నుంచో, న్యూజెర్సీ నుంచో మనవాళ్లు ఎవరో ఒకరు "రాంచ్ బుక్ చేశాం, ఏం సర్దుకోవాలి" అని అడుగుతూనే ఉంటారు. టూత్ బ్రష్, ఛార్జర్, స్విమ్‌సూట్ సంగతి మీకు తెలుసు, నేను చెప్పను. డ్యూడ్ అంటేనే ఇక్కడి పశువుల కాపర్ల నోట పట్నం సోకులవాడు అని అర్థం. 1880ల్లో ఇప్పటి నార్త్ డకోటాలో ఈటన్ అన్నదమ్ములు తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చే అతిథుల దగ్గర డబ్బు తీసుకుని తమ రాంచ్‌లో ఉండనివ్వడంతో ఈ వ్యాపారం మొదలైంది. వాళ్లు 1904లో వయోమింగ్‌కి మకాం మార్చారు, ఆ రాంచ్ ఇవాళ్టికీ నడుస్తోంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా పట్నం నుంచి వచ్చేవాళ్లు చేసే తప్పు మాత్రం ఒక్కటే, కాలి దగ్గర.

కాళ్లకి

రికాబు అంటే జీను పక్కన వేలాడే, కాలు పెట్టే పట్టె. రికాబులో పాదం ముందు భాగం మాత్రమే ఉండాలి. బూటుకి అంగుళం, అంగుళంన్నర హీల్ ఉంటే పాదం అంతకన్నా లోపలికి పోదు, హీల్ అడ్డుపడుతుంది. రన్నింగ్ షూకి ఆ అడ్డు లేదు. గుర్రం కాస్త కుదిపితే పాదం చీలమండ దాకా దూరిపోతుంది. అప్పుడు మీరు పడితే ఒళ్లు కింద, కాలు పైన.

గుర్రానికి మీ మీద కోపమేం ఉండదు. డొక్క పక్కన ఏదో బరువు వేలాడుతోంది, దాన్ని వదిలించుకోవాలి, అంతే దానికి తెలిసింది. పరిగెత్తుతుంది. పరిగెత్తితే ఆ బరువు వెంటే వస్తుంది. వెంట వచ్చేకొద్దీ ఇంకా బెదురుతుంది. నాలుగైదు వందల కిలోల జంతువు అది. మామూలుగా పడితే లేచి దుమ్ము దులుపుకోవచ్చు, గుర్రానికి చిక్కుకుని పడితే మాత్రం ఎవరో వచ్చి దాన్ని ఆపాల్సిందే.

"మా దగ్గర హైకింగ్ బూట్లున్నాయి, వాటికి హీల్ ఉందిగా" అంటారు. నేనూ అదే అనుకున్నాను. మూడేళ్ల కిందట మా అమ్మాయికి అవే వేసి ఎక్కించాను. గంటన్నర తిరిగొచ్చాక దిగమంటే కాలు రాదు. అడుగున లావుపాటి రబ్బరు పళ్లుంటాయి కదా, అవి రికాబు అంచుని కరిచి పట్టుకున్నాయి. రాంగ్లర్ కుర్రాడు ఒక చేత్తో కళ్లెం పట్టుకుని, రెండో చేత్తో నెమ్మదిగా లేసు విప్పి, ముందు పిల్ల కాలు బయటికి లాగాడు. ఆ తర్వాత ఖాళీ బూటుని రికాబులోంచి పీకాడు. అది ఊడిన చప్పుడు నాకింకా గుర్తుంది. గుర్రం నిద్రపోతున్నట్టు నిలబడింది కాబట్టి సరిపోయింది.

కాబట్టి హీల్ ఉండాలి, అడుగు నున్నగా ఉండాలి, లేసులు లేకుండా తొడుక్కునేది అయితే మరీ మంచిది, అవసరమైతే కాలు బూటులోంచి జారి వచ్చేస్తుంది. ఖరీదైనవి అక్కర్లేదు. చాలా రాంచ్‌లలో అరువుకి బూట్లు ఉంటాయి, ముందే ఫోన్ చేసి సైజు చెప్పి పక్కన పెట్టించుకోండి. పిల్లల సైజులు తొందరగా అయిపోతాయి. కొత్తవి కొంటే రెండు వారాలు ఇంట్లో వేసుకుని తిరగండి, లేకపోతే రెండో రోజుకి బొబ్బలెక్కి మళ్లీ ఆ స్నీకర్స్‌లోకే దూరతారు. తప్పు జరిగేది అక్కడే. బూట్లు లేక కాదు, ఉండి కూడా ఆ పూటకి కాళ్లకి లేకపోవడం వల్ల.

విమానంలో వెళ్తుంటే బూట్లు కాళ్లకే వేసుకోండి. సెక్యూరిటీ దగ్గర విప్పాల్సొస్తే విప్పండి. చెక్-ఇన్ బ్యాగులో వేయకండి.

ఒంటికి, తలకి

జీన్స్ పాతవి. కొత్త జీన్స్ లోపలి కుట్టు మూడు గంటల్లో తొడలని గీరి పెడుతుంది. సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే మెత్త నిక్కరు లోపల వేసుకుంటే నాలుగో రోజు కూడా కుర్చీలో కూర్చోగలరు. పొడుగు చేతుల చొక్కాలు, కాటన్‌వి.

కొలరాడోలో చాలా రాంచ్‌లు ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉంటాయి. మన హైదరాబాద్ ఎండ చూసినవాళ్లం కదా అని ధీమా వద్దు. గాలి చల్లగా ఉంటుంది, చర్మం మాత్రం కమిలిపోతుంది. పెదాలకి, మెడ వెనక సన్‌స్క్రీన్ రాయండి. మధ్యాహ్నం 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న చోటే తెల్లవారుజామున 40కి దిగుతుంది, స్వెటర్ తప్పదు. మొదటి రెండు రోజులు దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండండి, తలనొప్పి వస్తే గుర్రం ఎక్కకండి.

జూలై, ఆగస్టుల్లో కొండల మీద మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములు మొదలవుతాయి. రెపరెపలాడే ప్లాస్టిక్ రెయిన్‌కోట్ తేవద్దు. వానకోటు ఏదైనా సరే, గుర్రం మీద కూర్చుని తొడుక్కోవద్దు. ఆ చప్పుడుకే గుర్రం ఎగిరిపడుతుంది. దిగి తొడుక్కోండి.

టోపీకి గడ్డం కింద తాడు ఉండాలి. కౌబాయ్ టోపీ ఫోటోకి బాగుంటుంది, తలని కాపాడదు. హెల్మెట్ అడగండి. పిల్లల్ని అడగక్కర్లేదు, పెట్టేయండి.

అమ్మానాన్నలు వస్తే

వేసవికి వచ్చిన పెద్దవాళ్లని కూడా తీసుకెళ్తారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లని గుర్రం ఎక్కించకండి. తలకి చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం ఆగకపోవచ్చు, ఆసుపత్రి చాలాసార్లు గంట దూరం. నాన్నగారు "ఒక్క రౌండు" అంటారు. కాదనండి. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం చదవండి, గుర్రపుస్వారీకి వర్తించదని రాసి ఉండొచ్చు.

ఇక మిగతావి వరసగా:

మంగళసూత్రం, గొలుసులు చొక్కా లోపలికి. గాజులు తీసేయండి. ఉంగరాలు కూడా. తాడు బిగిస్తే వేలు ఉంగరంతో సహా పోతుంది.

చున్నీ, స్కార్ఫ్ వద్దు. నడుముకి కట్టిన జాకెట్ వద్దు.

పగ్గం చేతికి చుట్టుకోవద్దు. గుర్రాన్ని నడిపించేటప్పుడు కూడా మడిచి పట్టుకోవాలి, చుట్టకూడదు. ఇదీ కాలు ఇరుక్కోవడం లాంటిదే.

ఫోన్ జిప్ ఉన్న జేబులో. మెడలో కెమెరా వద్దు. సెల్ఫీ కర్ర ఇంట్లో వదిలేయండి.

ఇన్‌హేలర్, ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీకి వేసుకునే సూది) ఒంటి మీదే ఉండాలి. జీను సంచిలో పెడితే మీరు కింద, మందు గుర్రంతో పాటు కొండ మీద.

బరువు అడిగితే నిజం చెప్పండి. దాన్ని బట్టే గుర్రాన్ని ఇస్తారు. చాలా చోట్ల 225, 250 పౌండ్ల దగ్గర హద్దు ఉంటుంది.

అనుభవం అడిగితే కూడా నిజం చెప్పండి. ఊటీలో సరస్సు పక్కన ఎక్కింది లెక్కలోకి రాదు.

సాయంత్రం పిడుదులు చూసుకోండి. జుట్టు అంచు, నడుము, మోకాళ్ల వెనక. కనపడితే ట్వీజర్స్‌తో నిటారుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చే వైద్యం చేయకండి.

బేర్ స్ప్రే, అదే ఎలుగుబంటిని తరిమే స్ప్రే, విమానంలో తీసుకెళ్లనివ్వరు. అక్కడ కొనండి లేదా రాంచ్‌లో అడగండి.

శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి. బీన్స్‌లో బేకన్ ఉంటుంది. రాత్రి మంట దగ్గర పిల్లలకిచ్చే మార్ష్‌మాలోలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్తే మూత బిగించండి, ఎలుగుబంట్లుండే చోట క్యాబిన్‌లో తిండి పెట్టుకోవచ్చో లేదో అడగండి.

టిప్ కోసం డబ్బు పక్కన పెట్టుకోండి. బిల్లు మీద 15 నుంచి 20 శాతం దాకా ఆశిస్తారు, వచ్చాక తెలిస్తే గుండె గుభేలుమంటుంది.

గుర్రం వెనక నడవొద్దు. పిల్లల్ని అరవనివ్వొద్దు.

"ఇవాళ ఊరికే పది నిమిషాలే కదా, కరాల్ (గుర్రాల కంచె దొడ్డి) లోపలే కదా" అని స్నీకర్స్‌తో ఎక్కొద్దు. క్రాక్స్‌తో అసలే వద్దు.

బూట్లు రాకపోతే ఆ రోజు ఎక్కొద్దు. డబ్బు కట్టాం అనొద్దు. సామాను వచ్చేదాకా కంచె పక్కన కూర్చుని కాఫీ తాగండి.